గుడి, మసీదు, ప్రార్థన మందిరం: ఊరి అభ్యంతరానికి హద్దు ఎక్కడ?

(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)



గిడుగు వారి పేరు మీద ఉపన్యాసం అనగానే వాడుక భాష గురించి వినడానికి సిద్ధపడి వస్తారు. ఆ సంగతి ఏటా ఆగస్టు 29న చెప్పుకుంటూనే ఉన్నాం. ఇవాళ ఆయన చేసిన మరో రెండు పనుల ఆసరాతో వేరే విషయం మాట్లాడతాను. మొదటి పని మీకు తెలిసిందే. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో లెక్కచేయకుండా నేర్చుకున్నారు. సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. రెండో పని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది ఆయనే. అవి తన ఇంటి దేవుళ్లకు చెందినవి కావు గదా అని ఆ ఇటుకలను ఆయన వదిలేయలేదు.

తనది కానిదాన్ని దాని పద్ధతిలోనే తెలుసుకోవాలన్న పట్టుదల ఈ రెండు పనుల్లోనూ ఉంది. ఆ పట్టుదలతో ఇవాళ ఒక చిక్కు ప్రశ్నను చూద్దాం. ఒక ఊళ్లో కొందరు కోవెలో, మసీదో, ప్రేయర్ హాలో కట్టుకుంటామంటారు. మిగిలిన ఊరు వద్దంటుంది. ఎవరి మాట నెగ్గాలి?

నా జవాబు ముందే చెబుతాను, మిగిలిన సమయమంతా దాన్ని మీరు పరీక్షించవచ్చు. అభ్యంతరం చెప్పే హక్కు ఊరికి ఉంది. ఆ అభ్యంతరం కట్టడం మీద చెప్పాలి గానీ, కట్టేవాళ్ల దేవుడి మీద చెప్పకూడదు. కట్టడం గురించి అడగాల్సిన ప్రశ్నలు అందరినీ అడగాలి, ఊరందరికీ ఇష్టమైన దేవుడికి గుడి కట్టేవాళ్లను కూడా అడగాలి. మన దగ్గర ఈ రెండూ తలకిందులయ్యాయి. ఊరికి నచ్చని కట్టడాన్ని అడగరాని ప్రశ్నలు అడుగుతున్నాం, నచ్చిన కట్టడాన్ని అడగాల్సిన ప్రశ్నలు కూడా అడగడం లేదు.

మూడు కొండల ఊరు

నెల్లిమర్ల మండలం రామతీర్థం వెళ్లినవాళ్లు బోడికొండ మీది కోదండరాముణ్ని చూసి వస్తారు. అక్కడే గురుభక్తులకొండ మీద బౌద్ధుల విహారాల శిథిలాలున్నాయి. దుర్గకొండ మీద జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి. పదకొండో శతాబ్దపు తొలి రోజుల్లో ఏలిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలం నాటి శాసనం ఒకటి అక్కడ ఉంది. ఆ రాజు గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఈ రామకొండకు వచ్చి మొక్కాడని అది చెబుతుంది. ఒకే ఊరు, మూడు కొండలు, మూడు మతాలు.

ఇంకొంచెం చుట్టూ చూడండి. శ్రీకాకుళం పట్టణంలో పదిహేడో శతాబ్దంలో ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జుమ్మా మసీదు ఉంది. విజయనగరం బాబామెట్టలో ఖాదర్ వలీ దర్గాకు వెళ్లేవాళ్లలో హిందువులు ఎంతమందో ఆ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. లండన్ మిషన్ వాళ్లు 1805లోనే విశాఖపట్నంలో దిగారు. ఆ తర్వాత కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేటల దాకా బడులతో, ఆసుపత్రులతో వచ్చారు.

ఇదంతా చెప్పి, మన పూర్వీకులు ఎంతో సఖ్యంగా బతికారని తేల్చేయడం సులువు. నేను ఆ పని చేయను. శ్రీకాకుళం మసీదుకు కూల్చిన ఆలయపు రాళ్లు వాడారన్న మాట స్థానిక చరిత్రల్లో ఉంది. గురుభక్తులకొండ మీద భిక్షువులు ఎందుకు లేకుండా పోయారో మనకు ఏ శాసనమూ చెప్పదు. రాతి మీద దాత పేరు చెక్కుతారు, అభ్యంతరం చెప్పినవాడి పేరు చెక్కరు. కాబట్టి గతం నుంచి మనం తీసుకోగలిగింది ఒక్కటే. ఈ నేల మీద ఏ ఒక్క మతానిదీ మొదటి కట్టడమూ కాదు, చివరి కట్టడమూ కాదు. “మా ఊళ్లో ఇలాంటిది ఎప్పుడూ లేదు” అనే వాదన ఇక్కడ ఎవరి నోట విన్నా కొంచెం ఆగి ఆలోచించాలి.

అదే రామతీర్థంలో 2020 డిసెంబరు చివర బోడికొండ మీది రాముడి విగ్రహం తల నరికారు. రాష్ట్రమంతా అట్టుడికింది. ప్రభుత్వం 3 కోట్లు ఇచ్చి ఆలయాన్ని మళ్లీ కట్టించింది, 2022 ఏప్రిల్‌లో ప్రతిష్ఠ జరిగింది. ఈ మధ్యలో 2021 డిసెంబరు 22న శంకుస్థాపన నాడు శిలాఫలకం మీద ఎవరి పేరు ఉండాలన్న దగ్గర ఆలయ వంశపారంపర్య ధర్మకర్త అశోక్ గజపతిరాజుకూ మంత్రులకూ మధ్య వివాదం తోపులాట దాకా వెళ్లింది. అక్కడ రెండు మతాలు లేవు. అందరూ రామభక్తులే. గుడి కట్టడం అంటే ఊరి మీద హక్కు ఎవరిదో చెప్పడం కూడా అని ఆ రోజు తెలిసింది. పరమతం వాళ్లు కట్టేటప్పుడు ఊరికి పుట్టే భయం వెనక కూడా తరచు ఉండేది ఇదే: ఈ ఊరు ఎవరిది?

చట్టం ఎక్కడ ఉంది

రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి మనిషికీ తన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇచ్చింది. 26వ అధికరణం మత సమూహాలకు సంస్థలు పెట్టుకునే హక్కు ఇచ్చింది. రెండింటికీ శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యం అనే హద్దులు పెట్టింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కులో ఎదుటివాణ్ని మతం మార్చే హక్కు లేదని చెప్పింది. 2009 సెప్టెంబరు 29న ఇచ్చిన ఉత్తర్వులో, రోడ్ల మీద, పార్కుల్లో, ప్రభుత్వ స్థలాల్లో గుడి, చర్చి, మసీదు, గురుద్వారా ఏదైనా అనుమతి లేకుండా కొత్తగా కట్టనివ్వొద్దంది. ఇవన్నీ పెద్ద మాటలు. ఊరి స్థాయికి దిగితే వేరే కాగితం కనిపిస్తుంది.

గ్రామ పంచాయతీల లేఅవుట్, భవన నిర్మాణ నియమాలు 2002లో వచ్చాయి. ప్రార్థనాలయం కట్టాలంటే ముందుగా జిల్లా కలెక్టరు ఆమోదం కావాలని వాటి 26వ నియమం అంది. ఇలాంటి నియమమే తమిళనాడులోనూ ఉంది. ఆ స్థలంలో కట్టడం వల్ల ప్రజాశాంతికి ముప్పు అని కలెక్టరుకు అనిపిస్తే నిరాకరించవచ్చని అక్కడి 1997 నియమాలు నేరుగానే చెప్పాయి. మన రాష్ట్రంలో 2012 సవరణతో ఈ అధికారం కలెక్టరు నుంచి గ్రామ పంచాయతీకి వచ్చింది. వినడానికి ఇది స్థానిక స్వపరిపాలన. ఆచరణలో చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటిలోనూ ముస్లింలు, క్రైస్తవులు కలిపి నూటికి ఇద్దరైనా లేరు. రేపు ఓట్లకు వెళ్లాల్సిన సర్పంచి నూటికి తొంభై ఎనిమిది మంది మాట వింటాడా, ఇద్దరి మాట వింటాడా? కలెక్టరుకైతే కనీసం ఊళ్లో ఓటు అక్కర్లేదు.

ఆ లెక్క గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతంలో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు. కాబట్టి పేటలో ఆదివారం ప్రార్థనకు వెళ్లే కుటుంబం కాగితం మీద హిందువుగానే ఉండిపోతుంది. ప్రేయర్ హాలుకు అర్జీ పెట్టగానే ఊరివాళ్లు “ఈ ఊళ్లో క్రైస్తవులెందరు, జాబితా తీసుకురండి” అంటారు. జాబితాలో సంతకం పెడితే పిల్లల ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. పెట్టకపోతే “లేనివాళ్లకు చర్చి ఎందుకు” అన్న మాట వస్తుంది. ఇటువైపు ఇంకో ఫిర్యాదు ఉంది, దాన్నీ దాచకూడదు: రిజర్వేషన్ అక్కడా అనుభవిస్తారు, మతం ఇక్కడా మారతారు అని. ఆ వాదనలో బలం ఉందో లేదో తేల్చాల్సింది పార్లమెంటు, న్యాయస్థానాలు. ఆ పెద్ద తగాదాను పది సెంట్ల స్థలంలో వేసే రేకుల షెడ్డు మీద తీర్చుకోవడం తగదు.

అభ్యంతరాలను విడదీసి చూద్దాం

ఊరి అభ్యంతరం అంతా మత ద్వేషమే అనడం నగరంలో కూర్చున్నవాళ్లకు అలవాటు. అది నిజం కాదు. ఊళ్లలో వినిపించే మాటలను నాలుగు కుప్పలు పోయవచ్చు.

మొదటి కుప్పలో వీధి వెడల్పు, మురుగుకాలవ, బళ్లు పెట్టుకునే చోటు, మైకు మోత, స్థలం పట్టా ఉన్నాయి. ఇవి పూర్తిగా న్యాయమైన అభ్యంతరాలు. మద్రాసులో ఒక చర్చి మైకు మీద చుట్టుపక్కల కాలనీవాళ్లు కేసు వేస్తే, ఇది అల్పసంఖ్యాకుల మత స్వేచ్ఛ మీద దాడి అని చర్చి వాదించింది. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. పక్కవాడి ప్రశాంతత చెడగొట్టి మైకుల్లో ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదంది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. ఇక్కడ నా ప్రశ్న ఒక్కటే. తెల్లవారుజామున నాలుగున్నరకు మన కోవెల గోపురం మీది మైకుకు ఈ నియమం ఎవరైనా చదివి వినిపించారా? పాస్టరు గారి మైకు నియమం, సుప్రభాతం మైకు భక్తి అయితే, ఆ ఊరు నిజానికి మోత గురించి మాట్లాడటం లేదు.

రెండో కుప్పలో ప్రలోభం ఉంది. డబ్బు, మందులు, బడి సీటు ఆశ చూపి మతం మారుస్తున్నారన్నది. అలా జరిగితే చెప్పాల్సిన చోటు వేరు, రుజువు చేయాల్సిన పద్ధతి వేరు. ప్రార్థనాలయం కట్టకుండా ఆపితే ప్రలోభం ఆగదు, ప్రార్థన మాత్రమే ఆగుతుంది.

మూడో కుప్పలో ఊరి కట్టుబాటు ఉంది. ఉత్తరాంధ్రలో ఊరంటే గ్రామదేవత. కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లికి, శంబర పోలమాంబకు, విజయనగరం పైడితల్లికి చేసే పండగల్లో ఊరి మొత్తం చెయ్యి ఉంటుంది. ప్రార్థనకు వెళ్లే కుటుంబం చందా ఇవ్వనంటే అది డబ్బు గొడవగా ఉండదు, ఊరి నుంచి విడిపోయినట్టు ఉంటుంది. ఈ బాధ నిజమైనది. కానీ ఆ ఊరు అందరిదీ అని మనం ఎప్పుడు అన్నాం? ఆలయ ప్రవేశాన్ని చట్టం చేసి ఇప్పించాల్సి వచ్చింది. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆ చట్టం తెచ్చే దాకా పేట మనిషి గుడి ధ్వజస్తంభం దాటి లోపలికి వెళ్లింది ఎన్ని ఊళ్లలో? చందా అడిగేటప్పుడు ఊరిలో మనిషి, రథం తాళ్లు పట్టుకునేటప్పుడు పేట మనిషి అయినవాడు వేరే చోట దేవుణ్ని వెతుక్కుంటే, ఊరు ముందు తన తలుపులు చూసుకోవాలి. ఇష్టంతో ఇచ్చేదే చందా. ఇవ్వనివాడికి నీళ్లు, కిరాణా, కూలి ఆపితే అది వెలి, వెలి నేరం.

నాలుగో కుప్పలో మిగిలింది “మాకు ఇష్టం లేదు” అన్న మాట. మనసులో ఎవరికైనా ఉండొచ్చు. అర్జీ మీద దానికి విలువ ఉండకూడదు. పక్కింటివాడి దేవుడు నచ్చడం, నచ్చకపోవడం పంచాయతీ తీర్మానం చేసే విషయం కాదు.

శాంతిభద్రతల పేరుతో

ఇష్టం లేదన్న మాట కాగితం మీద చెల్లదని అందరికీ తెలుసు. అందుకే అది “శాంతిభద్రతల సమస్య” అనే వేషం వేసుకుని వస్తుంది. “ఇక్కడ కడితే గొడవలవుతాయి” అంటారు. గొడవ చేసేది ఎవరు? చాలాసార్లు ఆ మాట అంటున్నవాళ్లే. బెదిరించేవాడి బెదిరింపే బెదిరిపోయేవాడి హక్కును మింగేస్తుంది.

ఇది కొత్త చిక్కు కాదు. శ్రీకాకుళం గంజాం జిల్లాలోనూ, విజయనగరం విశాఖ జిల్లాలోనూ ఉండి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన రోజుల్లో, 1882 ఆగస్టులో, సేలంలో పెద్ద అల్లర్లు జరిగాయి. హిందువుల ఊరేగింపు వెళ్లే దారిలో కొత్త మసీదు కట్టారన్నది అభ్యంతరం. ఆ కేసులో శిక్ష పడి, తర్వాత హైకోర్టులో బయటపడినవాళ్లలో సి. విజయరాఘవాచారి ఉన్నారు. తర్వాత 1920 నాగపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించింది ఆయనే. ఊరేగింపుల తగాదాల్లో మద్రాసు హైకోర్టు ఆ కాలంలోనే ఒక పద్ధతి చెప్పింది. చట్టబద్ధంగా తన హక్కు వాడుకుంటున్నవాడికి అధికారి మొదట రక్షణ ఇవ్వాలి, అల్లరి చేసేవాణ్ని అదుపు చేయాలి. బలగం సరిపోనంత ఆపద ముంచుకొస్తే తప్ప హక్కును ఆపకూడదు, అప్పుడైనా తాత్కాలికంగానే. అదే 1882లో ఇంగ్లండులో సాల్వేషన్ ఆర్మీ ఊరేగింపుల కేసులోనూ ఇదే సూత్రం వచ్చింది. ఎదుటివాళ్లు రాళ్లు వేస్తారని తెలిసినంత మాత్రాన శాంతిగా నడిచేవాళ్ల నడక నేరం కాదని ఆ కోర్టు చెప్పింది. వందేళ్ల తర్వాత, 1989లో, ఒక సినిమా కేసులో మన సుప్రీంకోర్టు కూడా ఊరేగింపులు, హింస బెదిరింపులు చూపి భావప్రకటనను అణచలేరంది.

ఇంత స్పష్టమైన సూత్రం ఉన్నా మన దగ్గర ఏం జరుగుతోంది? 2022 జనవరి 8న అప్పటి కర్నూలు జిల్లా ఆత్మకూరులో నిర్మాణంలో ఉన్న మసీదుకు అనుమతి లేదని ఒక రాజకీయ పార్టీ వాళ్లు అడ్డు వెళ్లారు. రెండు వర్గాలు ఎదురుపడ్డాయి. రాళ్లు, మంటలు పోలీసు స్టేషన్ దాకా వచ్చాయి. అనుమతి ఉందా లేదా అన్నది కాగితం చూసి పది నిమిషాల్లో తేలే విషయం. దాన్ని తేల్చాల్సిన కార్యాలయం ముందే తేల్చకపోవడం వల్ల వీధి తేల్చబోయింది. అనుమతి లేకపోతే నోటీసు ఇవ్వాలి, అనుమతి ఉంటే కాపలా పెట్టాలి. ఈ రెండూ చేయకుండా గొడవయ్యాక నిషేధాజ్ఞలు పెట్టడమే మనకు అలవాటైపోయింది.

అభ్యంతరం రానిచోట

ఇప్పుడు ఈ ఉపన్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తాను. మన శ్రీకాకుళం జిల్లాలోనే, పలాస పక్కన కాశీబుగ్గలో, 2025 నవంబరు 1న కార్తీక ఏకాదశి నాడు, ఒక భక్తుడు తన సొంత స్థలంలో, సొంత డబ్బుతో కట్టించిన వెంకటేశ్వర స్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగింది. తొమ్మిది మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. గుడి దేవాదాయ శాఖ కింద లేదు. రద్దీ గురించి అధికారులకు ముందు సమాచారం లేదు. వెళ్లే దారీ, వచ్చే దారీ ఒకటే. మెట్ల దగ్గర రెయిలింగ్ ఊడిపోయింది. రెండు మూడు వేల మంది పట్టే చోటుకు అంతకు ఎన్నో రెట్ల జనం వచ్చారు.

ఆ గుడి కట్టిన పెద్దాయన భక్తిని నేను శంకించడం లేదు. నా ప్రశ్న మన గురించి. అన్ని ఎకరాల్లో అంత పెద్ద గోపురం లేస్తుంటే పంచాయతీ, మునిసిపాలిటీ, రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక శాఖ, ఎవరూ “రెండో గేటు ఎక్కడ” అని ఎందుకు అడగలేదు? ఎందుకంటే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అందరికీ ఇష్టమైన దేవుడు, అందరికీ సంతోషం. మన వ్యవస్థలో ప్రార్థనాలయాల నియమం పక్కవాడికి కోపం వస్తే నిద్ర లేస్తుంది, పక్కవాడు సంతోషంగా ఉంటే నిద్రపోతుంది. ఆ నియమం అల్పసంఖ్యాకుడి చేతికి తాళం వేసింది, అధిక సంఖ్యాకుడి ప్రాణం కాపాడలేకపోయింది.

అందుకే అందరికీ ఒకే ప్రశ్నలు వేయాలన్న మాట ఒక్క క్రైస్తవుడికో ముస్లింకో మేలు చేసే మాట కాదు. కాశీబుగ్గలో పోయినవాళ్లు ఏకాదశి దర్శనానికి వెళ్లిన మన అమ్మలు, అక్కలు. పేట చివర రేకుల షెడ్డును అడిగిన సగం ప్రశ్నలైనా ఆ గుడిని అడిగి ఉంటే వాళ్లు ఇంటికి తిరిగి వచ్చేవాళ్లు.

ఏజెన్సీ మాట

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లో ఈ ప్రశ్నకు ఇంకో మలుపు ఉంది. 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్, మనం 1/70 అని పిలిచేది, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కానివ్వదు. 1996 పెసా చట్టం గ్రామసభకు తన ఆచారాలను కాపాడుకునే అధికారం ఇచ్చింది. పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో కాంకేర్ జిల్లా గ్రామాల్లో పాస్టర్లు రావొద్దని బోర్డులు పెడితే, 2025 అక్టోబరులో అక్కడి హైకోర్టు వాటిని రాజ్యాంగ విరుద్ధం అనలేదు. సవర, జాతాపు సంస్కృతి చెదిరిపోతుందన్న ఆందోళనను నేను గౌరవిస్తాను. కానీ ఆ సంస్కృతికి బయటి నుంచి వచ్చింది సిలువ ఒక్కటేనా? గూడేల్లోకి మైదానం దేవుళ్ల సిమెంటు గుళ్లు కూడా వచ్చాయి. ఆదివాసీకి తన దేవతలతోపాటు తన నిర్ణయం కూడా ఉంది. అతని తరఫున మైదానం నుంచి వెళ్లి అభ్యంతరం చెప్పేవాళ్లకూ, మైదానం నుంచి వెళ్లి కట్టేవాళ్లకూ భూమి విషయంలో 1/70 ఒకేలా వర్తించాలి. తన ఇంట్లో ఏ దేవుణ్ని తలచుకుంటాడన్నది ఆ ఇంటివాడే తేల్చుకోవాలి.

సముద్రానికి అవతల

ఈ ప్రశ్నను మనవాళ్లు అవతలి ఒడ్డు నుంచి కూడా చూశారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వర ఆలయం మీలో చాలామంది పిల్లలు వెళ్లే గుడే. 1998 నుంచి అక్కడ ఉంది. అదే టౌన్‌షిప్‌లో 2011లో ముస్లింలు ఒక పాత హోటల్ భవనాన్ని మసీదుగా మార్చుకుంటామని దరఖాస్తు పెట్టారు. జనం గుంపులుగా విచారణకు వచ్చారు. ట్రాఫిక్ పెరుగుతుందన్నారు. కొద్ది నెలల్లోనే టౌన్‌షిప్ నియమం మార్చి, కొత్త ప్రార్థనాలయాలు కొన్ని పెద్ద రోడ్ల పక్కనే ఉండాలంది. కేసు నడిచింది. చివరికి 2014లో టౌన్‌షిప్ 77 లక్షల 50 వేల డాలర్ల విలువైన రాజీకి వచ్చింది. మతాన్ని చూసి భూవినియోగ నియమాలు మార్చకూడదని 2000లో అమెరికా చేసిన చట్టం అక్కడ పని చేసింది.

టెక్సస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో అష్టలక్ష్మి ఆలయం ముందు 2024 ఆగస్టులో చిన్నజీయరు స్వామి ఆధ్వర్యంలో 90 అడుగుల హనుమంతుణ్ని ప్రతిష్ఠించినప్పుడు కొందరు క్రైస్తవులు వచ్చి నిరసన తెలిపారు. మరుసటి ఏడాది ఒక రాజకీయ నాయకుడు ఇది క్రైస్తవ దేశం, ఇక్కడ ఈ విగ్రహం ఎందుకు అన్నాడు. ఇక్కడ మనమంతా ఎంత బాధపడ్డాం! ఆయన మాటలో దేశం పేరు తీసేసి మన ఊరి పేరు పెట్టి, హనుమంతుడి బదులు సిలువ పెట్టి మళ్లీ చదవండి. షుగర్‌ల్యాండ్‌లో మనకు అన్యాయంగా తోచిన వాదన ఇక్కడికి వచ్చేసరికి న్యాయం కాజాలదు.

ఏం చేయవచ్చు

చివరిగా, కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండా మన జిల్లాలు మొదలుపెట్టగల పనులు చెబుతాను.

ఒకటి, ప్రతి పంచాయతీలో, మునిసిపాలిటీలో ప్రార్థనాలయాల అర్జీలకు ఒకే పుస్తకం, ఒకే ప్రశ్నల జాబితా ఉండాలి. స్థలం ఎవరిది, రోడ్డు వెడల్పు ఎంత, ఒకేసారి ఎంతమంది పడతారు, వెళ్లే దారులెన్ని, నిప్పు అంటుకుంటే ఏం చేస్తారు, మురుగు ఎటు పోతుంది, మైకు ఎన్ని గంటలు. రామకోవెలకైనా, మసీదుకైనా, ప్రేయర్ హాలుకైనా ఇవే ప్రశ్నలు. ఇప్పటికే ఉన్న పెద్ద ప్రైవేటు గుళ్లను కూడా పండగ రోజులకు ముందు ఈ జాబితాతో చూడాలి.

రెండు, అభ్యంతరం రాతపూర్వకంగా, పేరుతో ఇవ్వాలి, ఆ జాబితాలోని అంశాల మీదే ఉండాలి. మతం కారణంగా చూపిన అభ్యంతరాన్ని పరిగణనలోకి తీసుకోకూడదని ముందే చెప్పాలి.

మూడు, గడువు పెట్టాలి. ఏళ్ల తరబడి అర్జీ మీద కూర్చోవడం కూడా నిరాకరణే, కాకపోతే కారణం చెప్పక్కర్లేని నిరాకరణ. కాదంటే ఎందుకు కాదో రాసి ఇవ్వాలి, అప్పీలుకు దారి ఉండాలి. పంచాయతీ తేల్చలేనిది కలెక్టరు దగ్గరకు వెళ్లాలి.

నాలుగు, శాంతిభద్రతలు కారణంగా చూపితే, గొడవ చేస్తామన్నది ఎవరో, వాళ్లమీద తీసుకున్న చర్య ఏమిటో అదే కాగితంలో రాయాలి. ఆ ఒక్క గడి పెడితే చాలా నివేదికలు వాటంతటవే మారిపోతాయి.

ఐదు, ఇంట్లో నలుగురు కూర్చుని చేసుకునే ప్రార్థనకూ, ఊరి జనం కోసం కట్టే కట్టడానికీ తేడా పాటించాలి. సత్యనారాయణ వ్రతానికి అడగని అనుమతి ఇంటి ప్రార్థనకూ అడగకూడదు. 2021లో ప్రభుత్వం జిల్లాల్లో మత సామరస్య కమిటీలు వేసింది. అలాంటి కమిటీలు గొడవయ్యాక కూర్చుని ఫొటోలు దిగడం కంటే, ఈ పుస్తకాన్ని ఆరు నెలలకోసారి తెరిచి చూడటం ఎక్కువ ఉపయోగం.

ఇవన్నీ అధికారులు చేయాల్సినవి. మీరూ నేనూ చేయాల్సింది ఒకటి మిగిలింది. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు కాగితం పట్టుకుని మన ఇంటికి వస్తారు: “మన వీధిలో వాళ్లు కడుతున్నారు, ఊరంతా సంతకాలు పెడుతున్నాం, మీరూ పెట్టండి.” పెట్టే ముందు అందులో రాసిన కారణాలు చదవండి. ఇవే కారణాలతో మన కోవెలనూ ఆపవచ్చని దాని కిందే ఒక వాక్యం చేర్చమనండి. చేరిస్తే సంతకం పెట్టండి, ఆ అభ్యంతరం నిజమైనదే. చేర్చబోమంటే, ఆ కాగితం తిరిగి ఇచ్చేయండి.